పై పళ్ల సందు

ఆగస్టు తొమ్మిదిన పెరుగన్నం తిన్నాక, బ్రహ్మయ్య తన కూతురు సంజన నాలుకకు పచ్చిమిరపకాయ రుద్దాడు. క్లిప్పులు వేసి రెండేళ్లయినా పై పళ్ల సందు మూసుకోకపోవడానికి ఆ పిల్ల నాలుకే కారణమని అతని నమ్మకం.

మూడోరోజు నరసరావుపేటలో, ఆ క్లిప్పులు వేసిన పళ్ల డాక్టరు వాసంతి సంజన పళ్ల అచ్చు తీసి కొలిచింది.

"నాలికతో నెడతంది మేడం. చానా మొండిది," అన్నాడు బ్రహ్మయ్య.

"నాలికది కాదండీ తప్పు. కింది పళ్లకు తగ్గ వెడల్పు పై పళ్లకు లేదు. పుట్టుకే అంత. ఎంత లాగినా సందు మిగులుద్ది. మొదట్లోనే కొలవాల్సింది, పొరపాటు నాదే."

డాక్టరు సంజన నోట్లోకి లైటు వేసి చూసింది. "ఈ పుండ్లేందమ్మా?"

సంజన తండ్రి వైపు చూడలేదు. "టీ కాలింది మేడం."

బ్రహ్మయ్యకు తన వేళ్లంటే తనకే రోత పుట్టింది.

"టీ కాదు మేడం," అన్నాడు. "నేనే చేశా."