క్షేమం అడిగే ఫోను

సరుకు కొనే విదేశీ కంపెనీల డైరెక్టర్లు కూలీల బాగోగులు స్వయంగా కనుక్కోవాలని చట్టం వచ్చింది. అందుకే రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసే సత్యవేణికి రోజూ ఉదయం అలాంటి ఒక డైరెక్టరు, హెల్గా, ఫోను చేసేది. ఆవిడ తన భాషలో అడిగినది ఫోనే తెలుగులోకి మార్చి వినిపించేది.

"తిన్నావా అమ్మా? ఐసు వల్ల వచ్చిన వేళ్ల మంట తగ్గిందా?"

భర్త పోయాక ఆ మాట అడిగినవాళ్లు లేరు. చేతులకి రబ్బరు తొడుగులు ఇప్పించిందీ హెల్గాయే. పాపం, అంత పెద్దావిడని ఇంకా ఇబ్బంది పెట్టడమెందుకని సత్యవేణి ఒకరోజు, "ఇప్పుడు నాకే లోటూ లేదండి," అంది.

మర్నాడు ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"లోటు లేదంటే పేరు కొట్టేస్తారు వదినా. బాధ ఉన్నవాళ్లకే చేస్తారు," అంది పక్కన వలుస్తున్న పైడమ్మ.

సత్యవేణి కాసేపు ఫోను వైపే చూసింది. తర్వాత తొడుగులు విప్పి, వట్టి చేతులు రొయ్యల ఐసులో పెట్టింది.