రెండో టేపు

“లోపల మనిషున్నడా, లేడా? ఒక్క మాట చెప్పు కాశీనాథ్!”

మేనేజర్ కిషన్‌రావు కంప్యూటర్ గది తలుపు పట్టుకుని అరుస్తున్నాడు. ఆయన వెనక కిటికీలో రసాయనాల గోదాము మీద నల్లటి పొగ లేస్తోంది. రెండు గంటలకు పొద్దటి షిఫ్టు దిగింది, తర్వాతి షిఫ్టు మూడింటికి గానీ ఎక్కదు. రెండూ నలభైకి గోదాము అంటుకుంది.

“ఇనుప తలుపులు మూసి మంటలార్పే గ్యాసు వదిలితే అయిదు నిమిషాల్ల ఆరుతది. మూయకుంటే పక్క ట్యాంకులు పేలుతయి, లక్డారం ఊరి దాక ఏం మిగలదు. కని లోపల ఎవడన్న ఉంటే ఆ గ్యాసుకు ఊపిరాడక సస్తడు. జల్దీ చెప్పు!”

చెప్పాల్సింది కంప్యూటరే. అది వచ్చి ఏడాది కూడా కాలేదు. అది 1977 వేసవి, ఆ చుట్టుపక్కల ఇంకే ఫ్యాక్టరీలోనూ అలాంటిది లేదు. గోదాములో పనిచేసే ప్రతి మనిషికీ రోజుకు రెండు అట్ట కార్డులు. వచ్చేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు ఒకటి గేటు దగ్గర గడియారం మిషన్‌లో వేస్తే, వేసిన టైముకు బెజ్జాలు పడతాయి. షిఫ్టు దిగగానే ఆ కార్డులన్నీ కాశీనాథ్ టేపు మీదికి ఎక్కిస్తాడు. షిఫ్టు అయ్యాక పది నిమిషాలు లోపల ఎవడు ఆగినా కంప్యూటర్ పట్టేస్తుంది, మర్నాడు కిషన్‌రావు చేతి మెమో వస్తుంది. అందుకే ఆ మిషన్ అంటే కార్మికులకు ఒళ్లు మంట.

ఇప్పుడా మిషనే మొరాయించింది. మంటలకు కరెంటు పోయి వచ్చేసరికి టేపు చుట్టుకుపోయి నలిగింది. అచ్చవుతున్న జాబితా ముప్పయ్యో పేరు దగ్గర ఆగింది. చదివేసిన కార్డులు గేటు గదికి పోయాయి. గేటు గది గోదాముకు ఆనుకునే ఉంది, అటు ఎవరూ పోలేరు.

“నలభై రెండు మంది లోపలికి పోయిండ్రు సార్. ముప్పై మంది బయటికొచ్చినట్టు కనబడుతుంది.”

“మిగిలిన పన్నెండు మంది?”

కాశీనాథ్ పరుగు తీశాడు. రోజూ టేపు పూర్తవగానే దానికి ఇంకో టేపు మీద నకలు తీసి, క్యాంటీన్ పక్క గదిలో బీరువాలో పెట్టి రావడం అతని అలవాటు. రెండూ ఒక్క చోట ఉంటే రెండూ ఒక్కసారే పోతాయని అతని వాదన. దానికి అందరూ ‘కాపీ కాశీనాథ్’ అని పేరు పెట్టి ఏడిపించేవాళ్లు. సంగారెడ్డి బజారులో ధాన్యం దుకాణం నడిపే వాళ్ల నాయనైతే, “గింత చాదస్తం ఎక్కడిదిరా?” అని తిట్టేవాడు.

రెండో టేపు ఎక్కింది. ప్రింటర్ గరగరమంది. ముప్పై ఒకటి... ముప్పై ఆరు... నలభై... నలభై రెండు!

“అందరు బయటనే ఉన్నరు సార్!”

“పక్కానా? మనిషి పానం ఇది.”

మొదటి జాబితా పక్కన పెట్టి ముప్పై పేర్లూ వేలితో సరిచూశాడు. నిమిషం తేడా లేదు.

“రెండు టేపులు ఒక్క మాట మీదున్నయి సార్.”

కిషన్‌రావు ఫోను ఎత్తాడు. “మూసెయ్‌రి.”

అయిదు నిమిషాల్లో పొగ తగ్గిపోయింది. గ్యాసు పోయేదాకా తలుపులు తెరవొద్దని అన్నారు. కిషన్‌రావు వచ్చి కాశీనాథ్‌ను గట్టిగా కావలించుకున్నాడు. “ఊర్లను కాపాడినవురా! ఇగ నిన్ను కాపీ కాశీనాథ్ అన్నోనికి నేనే మెమో ఇస్త.” కాశీనాథ్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఈ సంగతి నాయనకు ఎప్పుడెప్పుడు చెప్దామా అనిపించింది.

జాబితా పట్టుకుని గేటు బయటికి వస్తే, లక్డారం నుంచి పొగ చూసి ఉరికొచ్చిన ముత్యమ్మ ఎదురైంది. గోదాములో పనిచేసే యాదన్న పెండ్లాం.

“సారూ, మావోడు ఇంటికి రాలే. మూడున్నర దాటింది.”

“పరేషాన్ గాకు ముత్యమ్మా. ఇగో సూడు, యాదన్న బయటికి పోయింది రెండు గంటల మూడు నిమిషాలకు. ఆ పైనే ఆయన దోస్తు అంజన్న పేరు, టైము కూడా గదే. జోడెడ్ల లెక్క ఇద్దరు కలిసే పోయిండ్రు.”

“మరి బస్సుల రాలేదేంది?”

“రాత్రి డ్యూటీ లేదు గద, నిద్రపోయిండా లేదా?”

“యాడ! రాత్రంత పొలానికి నీళ్లు పెట్టిండు. కన్ను మూయలే.”

కాశీనాథ్ నవ్వాడు. “అయితే బస్సుల పండి, ఊరు దాటి ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాక పోయి ఉంటడు. నా టేపు తప్పు చెప్పదు. ఒకటి గాదు, రెండు టేపులు చెప్తున్నయి.”

ముత్యమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని హమ్మయ్య అనుకుంది. “నీ కడుపు సల్లగుండ సారూ. రానీ, ఇయ్యాల ఆయన సంగతి జెప్త!” అంటూ కొంగుతో మొహం తుడుచుకుంది.

అప్పుడే పటాన్‌చెరు వైపు నుంచి సైకిలు తొక్కుకుంటూ అంజన్న వచ్చాడు. ఒళ్లంతా చెమట.

“ఇగో, వచ్చిండు! ఏమయ్యా, నీ జోడీ ఏడి?” అన్నాడు కాశీనాథ్.

అంజన్న ముత్యమ్మ వైపు చూడలేదు. గోదాము తలుపుల వైపే చూస్తున్నాడు.

“ఆ తలుపులు ఎవలు మూసిండ్రు సార్?”

“మేమే. లోపల ఎవలు లేరని తెలిసినంకనే.”

అంజన్న చేతిలోంచి సైకిలు జారిపోయింది.

“ఇద్దరి కార్డులు నేనే వేసిన సార్.”