చెమట చేతులు

"గిటారు చేస్తున్నావా, వేపుడు చేస్తున్నావా?" అన్నాడు తండ్రి, కూతురు కొత్త గిటారు మెడకి నూనె పట్టిస్తుంటే.

కూతురు పాతగుడ్డ తీసుకుని ఆ నూనెంతా తుడిచేసింది.

"పూయడమెందుకు, తుడవడమెందుకు? పనికిమాలిన పని! నాలాగా వార్నిష్ కొడితే అద్దంలా తళతళలాడేది."

"చెయ్యి కూడా అతుక్కునేది. సంగీతం మేష్టారు మొన్న అదేగా మొత్తుకున్నారు, నువ్వు చేసిన గిటారు మీద చెయ్యి జారట్లేదని."

"ఆయనవి చెమట చేతులు. ముందు కడుక్కు రమ్మన్నాను." మూతి విరిచాడు. "ఏదీ, ఇలా తే. నీ పనితనమేంటో చూద్దాం."

తప్పు పట్టాలంటే అతను కళ్లు మూసుకుని మెడ మీద బొటనవేలు జరుపుతాడు. వేలు ఆగినచోట తప్పున్నట్టు. ఇవాళ ఉక్కకి అతని చేతులే తడిసి ఉన్నాయి. అయినా వేలు పైనుంచి కిందదాకా ఎక్కడా ఆగలేదు. మళ్లీ జరిపాడు. మళ్లీ అంతే.

గోడకి వేలాడుతున్న తన గిటారు అందుకున్నాడు. మెరిసిపోతున్న ఆ మెడ మీద వేలు జానెడు జరగకముందే పట్టేసింది.

"ఏమైంది నాన్నా?"

"ఏం కాలేదు. నీ నూనె కంపుకి తలనొప్పొస్తోంది" అని కసిరాడు.

తన గిటారు మెడ మీది వార్నిష్‌ని గోటితో గీకుతూ, తలెత్తకుండానే అన్నాడు. "ఆ మేష్టారికి ఫోను చెయ్యి. గిటారు పట్టుకు రమ్మను. చేతులు కడుక్కోనక్కర్లేదని చెప్పు."