నీలం చుక్కలు

మడత విప్పిన పటాన్ని తిమ్మక్క హేమావతి ముందున్న బల్లమీద పరిచింది.

"ఇది నువ్వు గీసిందే కదా పాపా? చేను అమ్మినోడు దీన్నే చూపించినాడు. చుట్టూ అన్నీ నీలం చుక్కలే. అందరికీ పడిన నీళ్లు మాకే యాల పడలేదు?"

నీటి సర్వే ఆఫీసు కంప్యూటర్లో ఆ పటం గీసింది హేమావతే.

"నీలంవి నీళ్లున్న బోర్లు మాత్రమే అక్కా. ఎండినవి కూడా చూపిస్తే గజిబిజిగా ఉందన్నారు పైవాళ్లు. ఫిల్టర్ పెట్టి వాటిని దాచేసినాను."

"ఏదీ, చూపించు."

ఫిల్టర్ తీసేసరికి, అమ్మవారు పోసినట్టు తెరంతా ఎర్రచుక్కలు లేచాయి. నీలం ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

తిమ్మక్క తన చేను ఉన్నచోట వేలు పెట్టింది. వేలి చుట్టూ ఎరుపే.

"గొర్రెలమ్ముకొని మడకశిర నుంచి వస్తిమి. ఎండిన బోర్ల మీద బండలు కప్పిపెడితే కొత్తోళ్లం, మాకేం తెలుస్తాది? మూడో బోరూ ఎండిన పొద్దు, ఊరందరికీ పడిన నీళ్లు నీ చేతికే పడలేదు, నష్టజాతకుడా అని మా ఆయన్ని తిట్టినా. తెల్లారేసరికి పాణం తీసుకున్నాడు."

హేమావతి బల్లమీది పటాన్ని మడిచి పక్కన పెట్టింది.

"ఈ ఎర్రవి గూడా కాగితం మీద తీసియ్యి పాపా," అంది తిమ్మక్క. "సమాధి కాడికి పోయి ఆయనకు చూపించాల."