చేతులు తీసినవా?

పొద్దుగాల తొమ్మిదింటికి భిక్షం చాప మీద ఒరిగిండు. రాత్రంతా నాగారం కాలనీల వాచ్‌మన్ డ్యూటీ చేసొచ్చిండు. కండ్లు మూతలు పడంగనే గుండె దడదడ కొట్టుకుంది. ఉలిక్కిపడి లేచి కూసున్నడు.

"చేతులు తీసినవా?" అని అడిగిండు.

రోజూ అయితే పెండ్లాం బాలమణి "తీసిన" అంటది. అప్పుడే అతనికి నిద్ర పడ్తది. ఇయ్యాల ఆమె ఆ మాట అనలేదు. గట్ల జవాబు చెప్పుకుంట పోతే ఈ దడ ఎన్నటికీ పోదని డాక్టర్ చెప్పిండు.

"మెల్లగ ఊపిరి తీస్కో. ఇగ ఆ మిషన్ లేదు, ఆ షెడ్డు లేదు," అన్నది.

మేడ్చల్ షెడ్డుల డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు మీద ఇద్దరు పని చేస్తరు. ఒకరు రేకు పెట్టి, చేతులు వెనక్కి గుంజుకొని "తీసిన" అనాలె. అది విన్నంకనే ఇంకొకరు కాలితోని పెడల్ తొక్కాలె. తొంభై ఆరుల ఒక రాత్రి భిక్షానికి కునుకు పట్టింది. ఆ మాట వినకముందే తొక్కిండు.

భిక్షం మళ్లా ఒరిగిండు. కండ్లు మూసుకున్నడు గని, కుడికాలు చాప మీది నుంచి లేచి గాలిలనే ఆగింది.

"కాలు దించయ్యా," అన్నది బాలమణి.

"నువ్వు చెప్పందే దించ."

ఆమె ఇగ ఓపలేకపోయింది.

"తీసిన. రెండు చేతులూ తీసిన."

కాలు మెల్లగ కిందికి దిగింది. కాసేపటికి గురక మొదలైంది.

బాలమణి ఎడమచేత్తోని అతని నుదుటి మీది చెమట తుడిచింది. ఆ రాత్రి ప్రెస్సు కింద ఒకటి పోంగ ఆమెకు మిగిలింది ఆ ఒక్క చెయ్యే.