పిండిపురుగు సాక్ష్యం

“పందొమ్మిది పెద్దవి. ఇరవయ్యోది బుడ్డది. మళ్ళీ మగ పురుగే!” సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తకుండానే అంది కార్డీలియా.

“నూట మూడో పిండిపురుగు. ఇంకా నమ్మకం కుదర్లేదా తల్లీ?” పక్క బల్ల దగ్గర హేజల్ నవ్వింది. 1904 వేసవి సెలవులు. అమెరికాలోని ఆ ఆడపిల్లల కాలేజీలో మిగిలింది ఈ టీచర్లిద్దరే.

ఆడ పురుగులో ఇరవై క్రోమోజోములూ పెద్దవే. ఆ బుడ్డది మగదాని దగ్గరే ఉంటుంది. తండ్రి నుంచి అది వస్తే మగబిడ్డ, రాకపోతే ఆడబిడ్డ. తల్లి చేతిలో ఏమీ లేదు.

కార్డీలియా గాజుపలక అంచున ఊదా సిరాతో ‘మగ’ అని రాసింది. కాలేజీ మొత్తంలో ఆ సిరా వాడేది ఆమె ఒక్కతే.

“ప్రొఫెసర్లు ఒప్పుకుంటారా? అంతా తల్లి తిండిలోనే ఉందని కదా వాళ్ళ గోల! పోయినేడు దాకా మనం చెప్పిందీ ఆ పాఠమేగా?” అంది హేజల్.

“వాళ్ళ సంగతి తర్వాత. ముందు మా చెల్లెలి మొగుడికి చెప్పాలి. నలుగురూ ఆడపిల్లలేనని లెటీ కుమిలిపోతోంది. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. తప్పు దానిది కాదని వాడి మొహం మీదే చెప్తాను. లాంకాస్టర్ రైలు నాలుగింటికి.”

వెళ్ళనక్కర్లేకపోయింది. ఆ మధ్యాహ్నమే లెటీ మొగుడు గిడియన్ గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో ఉంది. బూట్లనిండా పొలం మట్టి.

“లెటీ పోయింది వదినా. నిన్న పొద్దున. నెలలు నిండకుండానే కాన్పొచ్చింది. ఒంట్లో నెత్తురు లేదన్నాడు డాక్టరు. పిల్లా దక్కలేదు.”

“పిల్లా?”

“ఆడపిల్లే.”

కార్డీలియా లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. “మగపిల్లాడు, మగపిల్లాడంటూ చంపేశావు కదయ్యా దాన్ని! ఇలా వచ్చి చూడు! లోపముంటే నీది, దానిది కాదు!”

గిడియన్‌కి కోపం రాలేదు. “నేనెప్పుడూ అడగలేదు వదినా. నలుగురికీ కొయ్యబొమ్మలు చెక్కిచ్చినవాణ్ణి. అదే పస్తులుండేది. పోయిన క్రిస్మస్ నించీ ఇదే వరస. పళ్ళెంలో మాంసం పెడితే పిల్లలకి పంచేసేది. రోజంతా ఒక రొట్టెముక్క, పాలు లేని టీ. మా అమ్మ కోడి పులుసు కాచి బతిమాలినా ముట్టలేదు. కడుపు మాడితేనే కొడుకు పుడతాడంట!”

“ఎవరు చెప్పారు దానికి?” అరిచింది కార్డీలియా. “ఆ చెప్పిన నోరు పడిపోను!”

“అది తెలుసుకుందామనే వచ్చా. మా ఊళ్ళో అంతా జర్మనే, నాకు ఇంగ్లీషు చదవడం రాదు. ఈ ఉత్తరం దిండు కింద దాచుకుంది. రోజూ తీసి చదువుకునేది. ఎవరు రాశారో చెప్పండి, వాళ్ళ అంతు చూస్తాను.”

నలిగిన కాగితం మడత విప్పింది కార్డీలియా.

అక్షరాలు ఊదా రంగులో ఉన్నాయి.