పెదాల మాట

పగలంతా కరొలైనా నూలు మిల్లులో పనిచేసే పిల్లల ఫొటోలు తీశాను. యంత్రాల హోరులో ఒక చిన్నపిల్ల నన్నేదో అడిగింది. వినబడలేదు. ఆ పిల్ల కదలకుండా నిలబడితే చాలనుకుని తల ఊపేశాను.

రాత్రి ఫొటో కడుగుతుంటే, మా ఇంటి యజమానురాలు హెస్టర్ అత్త కాఫీ తెచ్చింది. నా భార్య పోయాక, అడక్కుండా నాకు కాఫీ ఇచ్చే మనిషి ఈవిడే. ఆవిడ చెవులు ఆ మిల్లు హోరులోనే పోయాయి. అక్కడివాళ్లంతా ఒకరి పెదాలు ఒకరు చూసుకునే మాట్లాడుకుంటారు.

అత్త తడి ఫొటో కాగితం దీపం దగ్గర పట్టుకుని చూసింది.

"ఈ పిల్ల 'మీ ఇంటికి రానా?' అంటోంది. నువ్వేమన్నావ్?"

"తల ఊపాను."

"సరిపోయింది! ఇంత చదువూ చదివి, ఏమడిగిందో తెలీకుండానే?"

ఫొటోలో ఒక్క మాటైనా పట్టదు, అంత వాక్యం ఎలా చదివావని అడగబోయాను. ఇంతలో కాగితంలో పిల్ల నోరు మూసుకుంది.

వీధి తలుపు ఎవరో తట్టారు. తీశాను. ఎవరూ లేరు. అత్త నా పక్కనుంచి వంగి, చీకట్లోకి కాసేపు చూసింది.

"చలేస్తోందట. నువ్వు పిలిస్తేనే వస్తుందట."

"రామ్మా," అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను.

"అరిచి ఏం లాభం నాయనా? దానికీ చెవులు వినపడవు. నీ మొహం చీకట్లో ఉంది."

పరుగున దీపం తెచ్చి, మొహం దగ్గర పెట్టుకుని పిలిచాను. అత్త అప్పటికే, వెళ్లిపోతున్నవాళ్లని చూసినట్టు, వీధి చివరికేసి చూస్తోంది.